అమ్మానాన్నలతో రోమ్: ఖర్చు అదుపులో పెట్టుకుని ఎలా తిరగాలి?

ప్రశ్న

నమస్తే అండి. నేను మ్యూనిక్‌లో ఎమ్మెస్ చదువుతున్నాను. మే నెలలో అమ్మానాన్న గుంటూరు నుంచి వస్తున్నారు, జర్మనీ నుంచి షెంగెన్ వీసా వచ్చేసింది. వాళ్లకి రోమ్ చూపించాలని నాకు ఎప్పటినుంచో కోరిక. నాలుగు రోజులు అనుకుంటున్నాం. పార్ట్‌టైమ్ జీతంలో దాచుకున్న డబ్బు కాబట్టి ఆచితూచి ఖర్చు పెట్టాలి. నాన్నకి మోకాళ్ల నొప్పులు. అమ్మ గుడ్డు కూడా ముట్టదు.

నెల మొదటి ఆదివారం కొలోసియం ఫ్రీ అంటున్నారు, ఆ రోజు కలిసొచ్చేలా టికెట్లు బుక్ చేసుకోవాలా? రోమా పాస్ (ప్రవేశాలు, బస్సు, మెట్రో కలిపి ఇచ్చే టూరిస్టు కార్డు) కొంటే లాభమా? రూమ్ ఎక్కడ తీసుకోవాలి? అన్నిటికంటే అమ్మ తిండి గురించే టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు కాస్త చెప్పగలరు.

జవాబు (రోమ్‌లో ఉంటున్నవారు)

తమ్ముడూ, ముందు ఆ ఫ్రీ ఆదివారం సంగతి తేల్చేద్దాం. నెలలో మొదటి ఆదివారం కొలోసియం, ఫోరమ్ (పాత రోమన్ నగర కేంద్రం శిథిలాలు), పాంథియన్ (పాత రోమన్ గుడి) లాంటి ప్రభుత్వ స్థలాలన్నీ ఉచితమే. నెల చివరి ఆదివారం వాటికన్ మ్యూజియంలు ఉచితం, అదీ మధ్యాహ్నం దాకానే. నువ్వొక్కడివే వస్తుంటే తెల్లారే వెళ్లి లైన్లో నిలబడు అనేదాన్ని. మోకాళ్ల నొప్పులున్న నాన్నని ఎండలో అంతసేపు నిలబెట్టి డబ్బు మిగుల్చుకోవడం నాకైతే అస్సలు నచ్చదు. లైన్లోనే ఓపికంతా అయిపోతే లోపలికెళ్లాక ఆయన ఏం చూస్తారు? మామూలు రోజునే టికెట్ కొనుక్కోండి.

లెక్క చూడు. కొలోసియం మామూలు టికెట్ 18 యూరోలు, అందులోనే ఫోరమ్, పాలటైన్ కొండ కూడా వస్తాయి. వాటికన్ మ్యూజియంలు 20, ఆన్‌లైన్‌లో ముందే బుక్ చేస్తే ఇంకో 5. పాంథియన్ 5. ముగ్గురికీ కలిపి 144 యూరోలు. కొనే ముందు అధికారిక సైట్లలో ధర ఒకసారి సరిచూసుకో. టికెట్ కొని చూడాల్సినవి ఈ మూడే అనుకో. రోమ్‌లో మిగతా గొప్ప గొప్పవన్నీ దాదాపు డబ్బు అడగవు. అందుకే పాస్ వద్దంటాను. 72 గంటల రోమా పాస్‌లో మొదటి రెండు చోట్లకి ప్రవేశం, బస్సు, మెట్రో వస్తాయి కానీ వాటికన్ రాదు. పాస్ ఉన్నా కొలోసియానికి టైమ్ స్లాట్ విడిగా బుక్ చేసుకోవాల్సిందే. పాస్ డబ్బులు రాబట్టాలని పెద్దవాళ్లని మ్యూజియం తర్వాత మ్యూజియం తిప్పాల్సొస్తుంది.

కొలోసియం టికెట్లు 30 రోజుల ముందు అమ్మకానికి పెడతారు. అధికారిక సైట్‌లోనే కొను, లేకపోతే అదే టికెట్‌కి మధ్యలో వాళ్లు రెట్టింపు లాగుతారు. టికెట్ మీద పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఉండాలి. మన ఇంటిపేర్లతో ఇక్కడే తికమక అవుతుంది, చూసుకుని టైప్ చెయ్యి. 18 నుంచి 25 ఏళ్ల వాళ్లకి 2 యూరోల టికెట్ కనిపిస్తుంది, అది యూరోపియన్ యూనియన్ పౌరులకి మాత్రమే. నీకు జర్మనీ రెసిడెన్స్ పర్మిట్ ఉన్నా అది వర్తించదు. వాటికన్‌లో మాత్రం 25 ఏళ్ల లోపు విద్యార్థులకి తగ్గింపు ఉంది, యూనివర్సిటీ కార్డు వెంట తెచ్చుకో.

నాన్న విషయంలో ఒక మాట. కొలోసియంలో లిఫ్ట్ ఉంది, మోకాళ్ల సంగతి అక్కడి సిబ్బందికి చెప్పి అడగండి. వాటికన్ మ్యూజియంలలో నడక చాలా ఎక్కువ. మైకెలాంజెలో చిత్రాలున్న సిస్టీన్ చాపెల్ దాకా హాలు తర్వాత హాలు దాటుకుంటూ పోవాలి. అక్కడ గుర్తింపు కార్డు చూపిస్తే వీల్‌చెయిర్ ఉచితంగా ఇస్తారు. ఆయన మొహమాటపడినా నువ్వే తీసుకో. పాలటైన్ కొండ ఎక్కించకపోయినా పర్లేదు, ఫోరమ్‌లో మెల్లగా నడిస్తే చాలు. అక్కడ దారంతా ఎగుడుదిగుడు రాళ్లు, చెప్పులతో కాకుండా బూట్లతో రమ్మను.

మరో జవాబు (కుటుంబంతో వెళ్లొచ్చినవారు)

అక్క చెప్పింది నిజం. ఉచితంగా చూసేవాటి గురించి నేను కొంచెం రాస్తాను, నాకు అవే ఎక్కువ నచ్చాయి.

పియాత్సా నవోనా అనే చౌకు పక్కన సాన్ లూయిజీ దేయ్ ఫ్రాంచేజీ అని ఒక చర్చి ఉంది. లోపల ఎడమవైపు చివరి గదిలో కరవాజ్జో అనే ఇటలీ చిత్రకారుడు 1600 ప్రాంతంలో వేసిన మూడు పెద్ద చిత్రాలు ఉంటాయి. ఆ గదిలో వెలుతురు తక్కువ. పక్కనున్న పెట్టెలో నాణెం వేస్తే దీపం వెలుగుతుంది, కాసేపయ్యాక దానంతట అదే ఆరిపోతుంది. అందరూ ఎవరో ఒకరు వేస్తారులే అని చూస్తూ నిలబడి ఉంటారు. మీరే వేయండి. చీకట్లో ఉన్న బల్ల, దాని చుట్టూ డబ్బు లెక్కపెట్టుకుంటున్న మనుషులు, ఒక్కసారిగా వాళ్ల మొహాల మీద వెలుగు! మ్యూజియంలో టికెట్ కొని చూసినవాటికంటే అదే మా ఇంట్లో అందరికీ గుర్తుండిపోయింది. దగ్గర్లోనే సాంత్ అగోస్తీనో చర్చిలో ఆయనదే ఇంకో చిత్రం ఉంది, పియాత్సా దెల్ పోపోలో చర్చిలో మరో రెండు. మైకెలాంజెలో చెక్కిన మోషే విగ్రహం కొలోసియానికి దగ్గర్లో సాన్ పియెత్రో ఇన్ వింకోలీ చర్చిలో ఉంది, అదీ ఉచితమే. చాలా చర్చిలు మధ్యాహ్నం మూసేస్తారు, పొద్దున్నే గానీ సాయంత్రం గానీ పెట్టుకోండి.

వాటికన్‌లోని పెద్ద చర్చి సెయింట్ పీటర్స్ బసిలికాకి కూడా టికెట్ లేదు, సెక్యూరిటీ లైన్ మాత్రం ఉంటుంది. పొద్దున 7కి తెరుస్తారు, ఆ టైముకి వెళ్తే హాయిగా చూడొచ్చు. బుధవారం పొద్దున పోప్ దర్శనం ఉంటే సాధారణంగా మధ్యాహ్నం దాకా లోపలికి వదలరు. గోపురం పైకి మొత్తం 551 మెట్లు. లిఫ్ట్ టికెట్ తీసుకున్నా ఇంకా 320 మెట్లు ఎక్కాలి, నాన్నగారిని దానికి తీసుకెళ్లకండి. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలుండాలి. అమ్మగారి చీరకి ఏ ఇబ్బందీ లేదు, మీరే నిక్కర్లో వెళ్లకండి.

నీళ్ల సీసా కొనక్కర్లేదు. వీధుల్లో ఇనుప స్తంభంలా, ముక్కులాంటి గొట్టంతో కుళాయిలుంటాయి, నాజోనీ అంటారు. రాత్రీ పగలూ చల్లటి మంచినీళ్లు పారుతూనే ఉంటాయి. గొట్టం మూతికి వేలు అడ్డం పెడితే పైనున్న చిన్న రంధ్రంలోంచి నీళ్లు ఎగజిమ్ముతాయి, వంగకుండా తాగొచ్చు. నడుం నొప్పి ఉన్నవాళ్లకి ఎంత సుఖమో!

అడిగినవారు

అక్కా, అన్నా, చాలా థ్యాంక్స్. రూమ్, తిండి, ఎయిర్‌పోర్ట్ నుంచి ఎలా రావాలి అన్నవి కూడా చెప్తారా? ఫ్యూమిచీనోలో దిగుతున్నాం. అమ్మ ఊరి నుంచి నెయ్యి, పాలకోవా తెస్తానంటోంది.

జవాబు (రోమ్‌లో ఉంటున్నవారు)

నెయ్యి, పాలకోవా వద్దని ఇవాళే ఫోన్ చేసి చెప్పు. ఇండియా నుంచి వచ్చేవాళ్లు పాల పదార్థాలు, మాంసం యూరోపియన్ యూనియన్‌లోకి తేకూడదు, కస్టమ్స్ వాళ్లు తీసి పారేస్తారు. పప్పుల పొడి, పులిహోర పేస్టు తెచ్చుకోమను.

రూమ్ ఊరి ప్రధాన రైల్వే స్టేషన్ తెర్మినీకి అతుక్కుని తీసుకోకపోయినా పర్లేదు. మెట్రో ఏ లైన్ మీద సాన్ జొవాన్నీ, రె ది రోమా చుట్టుపక్కల చూడు. మామూలు కుటుంబాలు ఉండే పేటలు, ధర కూడా కాస్త నయం. సన్యాసినులు నడిపే అతిథి గృహాలు ఉంటాయి, గదులు అద్దంలా పెడతారు, కొన్నిచోట్ల రాత్రి ఫలానా టైముకి తలుపు వేసేస్తారు. ఏది తీసుకున్నా బుక్ చేసే ముందు లిఫ్ట్ ఉందా, గది ఎన్నో అంతస్తు అని తప్పకుండా అడుగు. పాత బిల్డింగుల్లో చాలావాటికి లిఫ్ట్ ఉండదు. నగర పన్ను మనిషికి, రాత్రికి ఇంత అని హోటల్లోనే విడిగా కట్టించుకుంటారు, అది ముందే లెక్కలో వేసుకో.

ఎయిర్‌పోర్ట్ నుంచి లియొనార్దో ఎక్స్‌ప్రెస్ 32 నిమిషాల్లో తెర్మినీకి తెస్తుంది, మనిషికి 14. ముగ్గురికి 42. నగరం చుట్టూ ఉన్న పాత కోట గోడల లోపలికైతే టాక్సీ రేటు ఖాయంగా 55 యూరోలు, సామానుతో సహా. ఇంకో 13 పెడితే గుమ్మం ముందు దిగుతారు. మీ గది గోడల లోపలే ఉంటే వచ్చే రోజు నేనైతే టాక్సీయే ఎక్కిస్తాను. ఎక్కే ముందు రేటు ఖాయం చేసుకో. వెళ్లే రోజు మాత్రం 8 యూరోల ఎఫ్ఎల్1 రైలు చాలు. అది తెర్మినీలో ఆగదు, మెట్రో బి లైన్‌లో తిబుర్తీనాకో ఓస్తియెన్సేకో వెళ్లి ఎక్కాలి.

ఊళ్లో టికెట్ 1.50. 100 నిమిషాలు బస్సులు ఎన్నయినా మారొచ్చు, మెట్రో మాత్రం ఒక్కసారే. గేటు దగ్గర బ్యాంకు కార్డు తాకించినా పని అవుతుంది, కానీ ఒక కార్డు మీద ఒక్కరే. అమ్మానాన్నలకి పొగాకు కొట్లో కాగితం టికెట్లు కొని, బస్సులో మిషన్‌లో ముద్ర వేయించు. వెయ్యకపోతే టికెట్ ఉన్నా జరిమానా తప్పదు. 64 నంబర్ బస్సులో, తెర్మినీ మెట్రోలో జేబుదొంగలు ఎక్కువ. అమ్మ మెడలో గొలుసు, పాస్‌పోర్టులు లోపలికి పెట్టించు.

ఇక అమ్మ తిండి. కార్బొనారా, అమాత్రిచానా అనే పాస్తాలు రెండింట్లోనూ పంది మాంసం ఉంటుంది. జున్ను (చీజ్), మిరియాలతో చేసే కాచో ఎ పేపే పాస్తా బాగుంటుంది గానీ తాజా పాస్తాలో గుడ్డు కలుపుతారు, ఎండు స్పగెట్టీతో చేయమని అడుగు. దాంట్లో వేసే జున్నులో గొర్రెపిల్ల కడుపులోంచి తీసిన పదార్థం వాడతారు, అమ్మ అంత పట్టింపుగా ఉంటే పిజ్జా మారినారా తీసుకోండి. టమాటా, వెల్లుల్లి, నూనె అంతే, అసలు జున్నే ఉండదు, ధర కూడా తక్కువ. గుమ్మడి పూల బజ్జీలు చూసి అమ్మ ముచ్చటపడుతుంది, కానీ వాటి లోపల మామూలుగా చిన్న చేప ముక్క పెడతారు, అడక్కుండా కొనొద్దు. జెలాటోలో (ఇక్కడి ఐస్‌క్రీమ్) పాల రకాలకి గుడ్డు వేసే అవకాశం ఉంది, పళ్ల సొర్బెత్తో అడగండి. పియాత్సా వితోరియో దగ్గర ఎస్క్విలీనో మార్కెట్లో బియ్యం, పప్పు, బెండకాయలు దొరుకుతాయి. వంటగది ఉన్న రూమ్ తీసుకుంటే రాత్రిపూట అమ్మ చేతి చారన్నం తినేయొచ్చు. సగం ఖర్చు అక్కడే మిగులుతుంది.

అడిగినవారు

లిఫ్ట్ సంగతి నాకు తట్టనే లేదు అక్కా. వంటగది ఉన్న గదులే చూస్తున్నాను. త్రేవీ ఫౌంటెన్‌కి ఏ టైముకి వెళ్తే మంచిది?

జవాబు (రోమ్‌లో ఉంటున్నవారు)

పొద్దున 7 లోపు. పగలు ఆ జనంలో నాన్నకి కూర్చునే చోటు కూడా దొరకదు. అది చూసుకుని అటే నడుస్తూ పాంథియన్ దగ్గరికి వచ్చేయండి, తెరిచే టైముకి ముందే ఆ చౌకులో కాసేపు గడపొచ్చు. స్పానిష్ స్టెప్స్ అనే పేరున్న మెట్ల మీద మాత్రం కూర్చోనివ్వకు, జరిమానా వేస్తారు.