రిమోట్‌లో పీటీటీ: క్యాట్ కమాండా, ఆర్‌టీఎస్ లైనా?

డాబా_యాంటెన్నా: మేడ మీది గదిలో ఐకామ్ 7300 రిగ్ (హామ్ రేడియో సెట్) ఉంది. దానికి యూఎస్‌బీతో రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ తగిలించి, అందులో రిగ్‌ను నడిపే రిగ్‌సీటీఎల్‌డీ ప్రోగ్రాంను పోర్టు 4532 మీద పెట్టాను. కింద హాల్లోంచి వైఫైతో నడుపుతున్నాను. నిన్న రాత్రి 20 మీటర్లలో ఎఫ్‌టీ8 (కంప్యూటర్‌తో పంపే డిజిటల్ సందేశాలు) పంపుతుంటే రిగ్ ట్రాన్స్‌మిట్‌లోనే ఉండిపోయింది. 15 సెకన్ల స్లాటు దాటింది, ఇంకోటీ దాటింది. స్క్రీన్ మీద రిగ్ కంట్రోల్ ఎర్రర్. పరిగెత్తుకుంటూ మెట్లెక్కి పవర్ సప్లై ఆపేదాకా ఒకటే టెన్షన్. పీటీటీ, అంటే రిగ్‌ను ట్రాన్స్‌మిట్‌లోకి పంపే మీట, క్యాట్‌లో (కంప్యూటర్ కమాండ్లతో) ఉంది. ఆర్‌టీఎస్‌కు (సీరియల్ పోర్టులోని ఒక సిగ్నల్ లైనుకు) మారిస్తే ఈ బాధ తప్పుతుందా?

పాత_సోల్డర్: తప్పకుండా మార్చండి. క్యాట్‌లో మొదలుపెట్టడానికి ఒక కమాండు, ఆపడానికి ఇంకొకటి. ఆ రెండోది చేరకపోతే రిగ్‌కు ఆపమని చెప్పేవాళ్లే లేరు. ఆర్‌టీఎస్ అలా కాదు, వేలు తీస్తే ఆగిపోయే బటన్ లాంటిది. ప్రోగ్రాం పోర్టు మూస్తే లైను దిగిపోతుంది.

తీరం_హామ్: నేను ఒప్పుకోను. పోర్టు తెరవగానే ఆర్‌టీఎస్, దాని లాంటిదే ఇంకో లైను డీటీఆర్, రెండింటినీ పైకి లేపే సిస్టమ్‌లు ఉన్నాయి. కరెంటు పోయి వచ్చి రాస్ప్‌బెర్రీ పై రీస్టార్ట్ అయితే, ఇంట్లో ఎవరూ లేనప్పుడు రిగ్ దానంతట అదే ట్రాన్స్‌మిట్‌లోకి వెళ్లొచ్చు. పైగా ఈ రిగ్‌లో ఆర్‌టీఎస్‌కు వేరే తీగ లేదు, అదీ ఆ యూఎస్‌బీ కేబుల్లోంచే వస్తుంది.

పాత_సోల్డర్: కేబుల్ ఒకటే, నిజమే. కానీ యూఎస్‌బీ డిస్కనెక్ట్ అయితే ఆర్‌టీఎస్ దిగిపోతుంది. క్యాట్‌తో లేచిన పీటీటీ అలాగే ఉండిపోతుంది. తేడా అక్కడే ఉంది.

చోక్_చుట్టేవాడిని: ఇద్దరూ ఆపడం గురించే మాట్లాడుతున్నారు. కమాండు ఎందుకు చేరలేదన్నది ఎవరూ అడగలేదు. డాబా గారూ, ముందు యాంటెన్నా తీసేసి, 100 వాట్లు తట్టుకునే డమ్మీ లోడ్ (పవర్‌ను గాల్లోకి పంపకుండా వేడిగా మార్చే రెసిస్టర్) పెట్టి అదే పవర్‌తో పంపండి. తర్వాత యాంటెన్నా తగిలించి 10 వాట్లతో పంపండి. రెండుసార్లూ బాగుంటే సాఫ్ట్‌వేర్ జోలికి వెళ్లొద్దు. బాడ్ రేటు, అడ్రస్ లాంటి సాఫ్ట్‌వేర్ సెట్టింగ్‌లు తప్పయితే మొదటి నుంచీ పనిచేయదు, పవర్ పెంచినప్పుడే తప్పవ్వదు.

డాబా_యాంటెన్నా: చేశాను. డమ్మీ లోడ్ మీద 100 వాట్లకు ఏమీ కాలేదు. యాంటెన్నాతో 10 వాట్లకు బాగుంది, 60 దగ్గర కనెక్షన్ పడిపోయింది. రాస్ప్‌బెర్రీ పై లాగ్‌లో యూఎస్‌బీ డిస్కనెక్ట్ అని పడింది. తిరిగి వచ్చినప్పుడు పోర్టు పేరు టీటీవైయూఎస్‌బీ0 కాదు, 1. రిగ్‌సీటీఎల్‌డీ ఇంకా లేని పోర్టుతోనే మాట్లాడుతోంది! యాంటెన్నా ఎండ్‌ఫెడ్ (ఒక చివర నుంచి పవర్ ఇచ్చే తీగ), 49:1 ట్రాన్స్‌ఫార్మర్. కోయాక్స్‌కు (యాంటెన్నా కేబుల్‌కు) చోక్, అంటే కేబుల్ పైతొడుగు మీద వచ్చే రేడియో కరెంటును ఆపే చుట్ట, లేదు.

చోక్_చుట్టేవాడిని: దొరికింది. ఎండ్‌ఫెడ్‌కు కౌంటర్‌పాయిజ్ (కరెంటు తిరిగి వెళ్లడానికి వేసే రెండో తీగ) లేకపోతే కోయాక్స్ పైతొడుగే ఆ పని చేస్తుంది. ఆర్‌ఎఫ్ (రేడియో కరెంటు) దాని వెంబడి గదిలోకి వచ్చి, రిగ్ బాడీ మీదుగా యూఎస్‌బీ కేబుల్లోకి దిగుతుంది. టైప్ 31 ఫెరైట్ రింగు, 2.4 అంగుళాలది తీసుకుని, సన్నటి కోయాక్స్‌ను 10, 12 చుట్లు చుట్టి కోయాక్స్ గదిలోకి వచ్చేచోట పెట్టండి. యూఎస్‌బీకి కూడా పొట్టి కేబుల్ వాడి ఫెరైట్ చుట్టండి. బజార్లో దొరికే క్లిప్ ఫెరైట్‌లోంచి ఒక్కసారి దూర్చి వదిలేస్తే 14 మెగాహెర్ట్జ్‌లో పెద్ద లాభం ఉండదు. మూడు చుట్లు వేస్తే దాదాపు తొమ్మిదింతలు పనిచేస్తుంది. ఇది చేయకుండా పీటీటీ ఎలా మార్చినా ఆ ఆర్‌ఎఫ్ గదిలోకి వస్తూనే ఉంటుంది.

తీరం_హామ్: చోక్ సంగతి సరే, రిగ్ మెనూలో సీఐ-వీ (ఐకామ్ క్యాట్ పద్ధతి) టైమ్ అవుట్ టైమర్ కూడా ఆన్ చేయండి, ట్రాన్స్‌మిట్ ఆగకపోతే అదే ఆపేస్తుంది. మామూలుగా అది ఆఫ్‌లో ఉంటుంది, తక్కువలో తక్కువ 3 నిమిషాలు. పవర్ సప్లైని ఆపడానికి ఈ రాస్ప్‌బెర్రీ పైతో సంబంధం లేని స్విచ్చు ఒకటి కింద పెట్టుకోండి.

పాత_సోల్డర్: స్విచ్చు పెట్టాల్సిందే. ఎఫ్‌టీ8 ఫుల్ పవర్‌లో 3 నిమిషాలంటే ఫైనల్స్‌కు (రిగ్ చివరి పవర్ ట్రాన్సిస్టర్లకు) చాలా ఎక్కువ. అందుకే ఇప్పటికీ ఆర్‌టీఎస్ అనే అంటాను.

డాబా_యాంటెన్నా: టైమర్ పెట్టాను. రింగు వచ్చేదాకా 10 వాట్లు దాటను. చోక్ పెట్టాక క్యాట్, ఆర్‌టీఎస్ రెండూ 60 వాట్ల దగ్గర నడిపి, రిగ్ పక్కనే కూర్చుని చూసి ఇక్కడే రాస్తాను. సెలవు, 73.