ఆయుధాల వ్యాప్తి నిరోధం: సోషియాలజీ వాళ్లకి ఇందులో పరిశోధన ఉందా?

ప్రశ్న – అక్షరి
సోషియాలజీ పీజీ ఆఖరి ఏడాదిలో ఉన్నాను. అణు, రసాయన, జీవాయుధాలు కొత్తవాళ్ల చేతికి పోకుండా ఎలా ఆపాలన్న దాని మీద పీహెచ్‌డీ చేయాలని చాలా కోరిక. "అది ఫిజిక్స్, బయాలజీ వాళ్ల పని, నువ్వేం చేస్తావు?" అంటున్నారు అందరూ. దరఖాస్తు గడువు దగ్గరపడుతోంది, ఒకటే టెన్షన్. నిజంగానే మాకు ఇందులో పని లేదా?

జవాబు – పాతదస్త్రం
ఎందుకు లేదండీ! స్వెర్డ్‌లోవ్‌స్క్ గురించి చదవండి. 1979 ఏప్రిల్, మే నెలల్లో ఆ సోవియట్ నగరంలో ఆంథ్రాక్స్ అనే బ్యాక్టీరియా జబ్బుతో కనీసం 66 మంది చనిపోయారు. చెడిపోయిన మాంసం తిని పోయారంది ప్రభుత్వం. ఆస్పత్రి రికార్డులను సోవియట్ రహస్య పోలీసు సంస్థ కేజీబీ పట్టుకుపోయింది. 1992లో జీవశాస్త్రవేత్త మాథ్యూ మెసెల్సన్ బృందం అక్కడికి వెళ్లింది. అందులో జీన్ గిలెమిన్ సోషియాలజీ ప్రొఫెసర్. ఆవిడ మృతుల కుటుంబాలను కలిసి, ఆ రోజుల్లో మీవాళ్లు ఎక్కడ ఉండేవారు, ఏ వేళ ఎక్కడ పనిచేసేవారు అని ఓపిగ్గా అడిగారు. ఆ జవాబులను మ్యాప్ మీద గుర్తు పెట్టి చూస్తే, ఎక్కువమంది సైనిక స్థావరం నుంచి దక్షిణానికి సాగే సన్నటి పట్టీలోనే ఉన్నారు. అదే దిక్కున 50 కిలోమీటర్ల దాకా పల్లెల్లో పశువులు చచ్చాయి. ఏప్రిల్ 2న గాలి కూడా అటే వీచింది. అంటే ఆ జబ్బు స్థావరం నుంచి గాలిలో వచ్చిందన్నమాట. 1994లో ఇదంతా అచ్చయ్యాక మాంసం కథ ఇక నిలబడలేదు. ఇంటింటికీ తిరిగి అడిగినవాళ్లు లేకపోతే ఆ మ్యాప్ ఎక్కడిది? మిమ్మల్ని వద్దంటున్నవాళ్లకి ఇది చెప్పండి.

జవాబు – ఉత్తరాయణం
అణ్వాయుధాల వైపూ చూడండి. 1970లు వచ్చేసరికి 15 నుంచి 25 దేశాల దగ్గర అవి ఉండొచ్చని 1963లో అమెరికా అధ్యక్షుడు కెనెడీ భయపడ్డారు. ఇవాళ్టికీ 9 దేశాలే. మిగతావాళ్లు ఎందుకు ఆగారు? దేశాలు బాంబు కోరుకోవడానికి భద్రతొక్కటే కారణం కాదనీ, లోపలి రాజకీయాలు, ప్రతిష్ఠ కూడా ఉంటాయనీ రాజనీతి శాస్త్రవేత్త స్కాట్ సేగన్ 1996లో వాదించారు. ఆ చివరి రెండూ మీ సబ్జెక్టే. దక్షిణాఫ్రికా ఆరు బాంబులు చేసుకుని మరీ విప్పేసింది. 1991లో ఎన్‌పీటీలో (అణ్వాయుధాల వ్యాప్తి నిరోధక ఒప్పందంలో) చేరింది, బాంబులు చేసిన సంగతి 1993లో గానీ అప్పటి అధ్యక్షుడు డి క్లర్క్ బయటపెట్టలేదు. ఎందుకు వదులుకుందన్న దాని మీద వాదన ఇంకా నడుస్తూనే ఉంది.

జవాబు – సన్నజాజి
రసాయన ఆయుధాలకైతే హేగ్‌లో తనిఖీ సంస్థ ఉంది. 1975లో అమల్లోకి వచ్చిన జీవాయుధాల ఒప్పందానికి అలాంటి తనిఖీ వ్యవస్థే లేదు. నా ఓటు దానికే. ఒక్క మాట: తయారీ వివరాలు ఎక్కడైనా కంటపడితే థీసిస్‌లోకి ఎక్కించకండి.

అక్షరి
అందరికీ థాంక్స్ అండీ. తనిఖీ లేనిచోట ల్యాబుల్లో పనిచేసేవాళ్లు పక్కవాళ్ల మీద అనుమానం వస్తే ఏం చేస్తారు, ఎవరికి చెబుతారు, చెప్పడానికి ఎందుకు జంకుతారు? దీని మీద ప్రపోజల్ మొదలుపెడుతున్నాను. రాశాక ఇక్కడే పెడతాను, చూడండి.