ఇంటికి /64 ఇవ్వడం దండగ కాదా? ఐపీవీ6 కూడా అయిపోతుందా?

బందరు_వాసు:
కొత్తగా ఫైబర్ పెట్టించాను. రౌటర్ పేజీలో ఐపీవీ6 (ఇంటర్నెట్ అడ్రసుల కొత్త పద్ధతి) కింద /64 అని ఉంది. లెక్కేస్తే 18446744073709551616 అడ్రసులు! మా ఇంట్లో ఉన్నవి నాలుగు ఫోన్లు, టీవీ, గేటు దగ్గర కెమెరా. పాత పద్ధతి ఐపీవీ4లోనూ మొదట్లో ఒక్కో సంస్థకు కోటీ అరవై ఏడు లక్షల చొప్పున పంచేసి, 2011 ఫిబ్రవరికల్లా ఐఏఎన్‌ఏ (ప్రపంచానికి అడ్రసులు పంచే సంస్థ) దగ్గర గంప ఖాళీ చేశారు కదా. మళ్ళీ అదే జరగదా? ఇంకోటి, కెమెరాను ఫోన్ల నుంచి వేరే నెట్‌వర్క్‌లో పెడదామంటే రౌటర్ ఒప్పుకోవట్లేదు. ఇన్ని ఉండి కూడా ఎందుకని?

రూటింగ్_రమణ:
వాసు గారూ, ఐపీవీ6లో అడ్రసులు కాదండీ, నెట్‌వర్కులు లెక్కపెట్టాలి. 128 బిట్లలో ముందు 64 నెట్‌వర్క్‌వి (/64 అంటే అదే, ఆ అంకె తగ్గేకొద్దీ వాటా పెద్దది), వెనక 64 పరికరానివి. ఫోన్ ఎవరినీ అడక్కుండా తన అడ్రస్ తనే తయారుచేసుకుంటుంది, అప్పుడప్పుడూ మార్చుకుంటుంది. అందుకే అంత చోటు. ఎవరైనా పరికరాల కోసం సెకనుకు పది లక్షల అడ్రసుల చొప్పున వెతికితే ఐపీవీ4 మొత్తం గంటా పన్నెండు నిమిషాల్లో అయిపోతుంది. మీ ఒక్క /64కే 5 లక్షల 80 వేల ఏళ్ళు దాటుతుంది. అలాగని ఫైర్‌వాల్ (రాకపోకలను అదుపుచేసే కాపలా) తీసేయకండి, మీ అడ్రస్ మీరు వెళ్ళిన ప్రతి సైటుకీ తెలుస్తుంది.

అయిపోతాయన్న బెంగ వద్దు. ఇప్పుడు పంచుతున్నది 2000::/3 నుంచే, అంటే మొత్తంలో ఎనిమిదో వంతు. అందులోనే /48లు 35 లక్షల కోట్లు. భూమ్మీద మనిషికి నాలుగు వేల పైచిలుకు!

మీ కెమెరా సంగతికొస్తే, /64 అంటే ఒకే ఒక్క నెట్‌వర్క్. దాన్ని ఇంకా చీలిస్తే ఫోన్లు సొంతంగా అడ్రస్ చేసుకోలేవు. ఇంటికి ఒక్క /64తో సరిపెట్టొద్దనే 2011లో ఆర్‌ఎఫ్‌సీ 6177 (ఇంటర్నెట్ సాంకేతిక పత్రం) చెప్పింది. /56 ఇస్తే 256 నెట్‌వర్కులు వస్తాయి. ఇంత ఉండగా పిసినారితనం చేస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మీ ఫైబర్ కంపెనీని గట్టిగా అడగండి.

ఓల్ట్_ఆపరేటర్:
ఫోన్ చేసే ముందు రౌటర్‌లో ప్రెఫిక్స్ డెలిగేషన్ (రౌటర్ కంపెనీని అడిగే అడ్రసుల వాటా) సైజు 56 అని పెట్టి చూడండి. కొన్నిచోట్ల రౌటర్ అడిగితేనే పెద్దది ఇస్తారు.

బందరు_వాసు:
56 పెట్టి రీబూట్ చేస్తే /60 వచ్చిందండీ. పదహారు నెట్‌వర్కులు, నాకు చాలు. కెమెరా విడిగా పడింది. కానీ ఇప్పుడు ఫోన్‌లో కెమెరా కనిపించట్లేదు.

రూటింగ్_రమణ:
ఫైర్‌వాల్‌లో ఫోన్ల నెట్‌వర్క్ నుంచి కెమెరా వైపు వెళ్ళనివ్వండి. కెమెరా తనంతట తాను ఫోన్ల వైపు రాకుండా మూసి ఉంచండి. యాప్ దానంతటది కెమెరాను కనుక్కోలేకపోతే అడ్రస్ చేత్తో ఇవ్వండి.