అమ్మ వేలిముద్రలు రేషన్ షాపులోనే పడవు, అమెరికా ఇమిగ్రేషన్‌లో పడతాయా?

మిర్చియార్డు
అందరికీ నమస్తే. అమ్మకి 63 ఏళ్లు. విజిటర్ వీసా వచ్చింది. వచ్చే నెలలో మొదటిసారి నా దగ్గరికి, చికాగోకి వస్తోంది. హైదరాబాద్ నుంచి అబుదాబీ, అక్కడ విమానం మారి చికాగో. ఒక్కతే. ఇంగ్లీషు రాదు. హిందీ అంటే డబ్బింగ్ కాని సీరియల్ చూసి నవ్వేంత వచ్చు.

నా టెన్షన్ వేరే. ఆవిడ ముప్పై ఏళ్లు కోల్డ్ స్టోరేజీల దగ్గర మిరపకాయల తొడిమలు తీసింది. వేళ్ల చివర్లు అరిగిన రూపాయి బిళ్లలా నున్నగా ఉంటాయి. రేషన్ షాపులో మిషన్ మీద బొటనవేలు పెడితే పడదు, చూపుడువేలు పడదు. డీలర్ 'తలకి రుద్ది పెట్టమ్మా' అంటాడు. జుట్టుకున్న నూనె అంటుకుంటే అప్పుడు ఎరుపు పోయి పచ్చ లైటు వెలుగుతుంది. ఒక్కో నెల అదీ లేదు, మర్నాడు మళ్లీ వెళ్లాలి.

హైదరాబాద్‌లో వీసా కోసం పది వేళ్లూ తీసుకునేప్పుడు కూడా నాలుగైదుసార్లు పెట్టించారట. చివరికి అయింది. ఇప్పుడు ఎయిర్‌పోర్టులో పడకపోతే వెనక్కి పంపేస్తారా? ఇలాంటి చేతులున్న అమ్మానాన్నల్ని తీసుకొచ్చినవాళ్లు ఎవరైనా చెప్పండి.

అరోరా_ఆవకాయ
ముందు ఒక మాట. మీరు చికాగోలో బయట నిలబడి ఎదురుచూస్తూ టెన్షన్ పడక్కర్లేదు, ఎందుకంటే ఇమిగ్రేషన్ చికాగోలో కాదు, అబుదాబీలోనే అయిపోతుంది. 2014 నుంచి అక్కడ అమెరికావాళ్ల ప్రీక్లియరెన్స్ ఉంది. వేళ్లు, ఫోటో, ప్రశ్నలు, కస్టమ్స్ అన్నీ అక్కడే. చికాగోలో దిగాక లోకల్ విమానం దిగినట్టు బ్యాగు తీసుకుని బయటికి వచ్చేయడమే.

దీంతో లాభం ఉంది, నష్టం ఉంది. లాభం: పద్నాలుగు పదిహేను గంటలు కూర్చుని అలిసిపోకముందే పని అయిపోతుంది. నష్టం: రెండు విమానాల మధ్య టైమ్ తక్కువుంటే, అక్కడ క్యూ పెద్దదైతే అమ్మ కంగారుపడుతుంది. మీ టికెట్‌లో గ్యాప్ ఎంత?

మిర్చియార్డు
అయ్యో, ఇది నాకు తెలీదు. గ్యాప్ రెండు గంటల పది నిమిషాలు.

అరోరా_ఆవకాయ
కుదిరితే మార్చండి. మూడున్నర, నాలుగు గంటలుంటే హాయి. వీల్‌చైర్ తప్పకుండా పెట్టండి. నడవలేక కాదు, పక్కన ఒక మనిషి ఉంటాడని. మా అత్తగారు 'నాకు కాళ్లు బాగానే ఉన్నాయిగా, పరువు పోతుంది' అని గొడవపెట్టారు. అక్కడ కుర్చీ తోసే అబ్బాయి హిందీలో 'అమ్మా, యహాఁ ఉంగ్లీ రఖో' (ఇక్కడ వేలు పెట్టు) అని చూపిస్తే అప్పుడు మెచ్చుకున్నారు.

ఇక వేళ్ల సంగతి. మొదటిసారి వచ్చేవాళ్లకి కుడిచేయి నాలుగు వేళ్లు, బొటనవేలు, తర్వాత ఎడమచేయి అలాగే, ఆపైన కెమెరా వైపు చూడమంటారు. వీసా అప్పుడు ఇచ్చిన వేళ్లతో పోల్చి చూస్తారు. అంటే అక్కడ అడిగేది 'నీకు మంచి వేలిముద్రలున్నాయా' అని కాదు, 'వీసా తీసుకున్న మనిషివి నువ్వేనా' అని. ఫోటో ఉంది, పాస్‌పోర్టు ఉంది, మనిషి ఎదురుగా ఉంది. ఒక వేలు సరిగా పడలేదని పంపేసిన కేసు మా గుడి బ్యాచ్‌లో ఇన్నేళ్లలో నేను వినలేదు. మళ్లీ పెట్టమంటారు, తుడుచుకుని పెట్టమంటారు, గట్టిగా నొక్కమంటారు. అంతే.

నైట్‌డ్యూటీ
హాస్పిటల్‌లో పనిచేస్తాను కాబట్టి ఒకటి చెప్తాను. గీతలు పూర్తిగా పోవు, పైపొర పలచబడి ఎండిపోతుంది. మిషన్‌కి కావాల్సింది కాస్త తేమ. ప్రయాణానికి రెండు వారాల ముందు నుంచి రాత్రి పడుకునేప్పుడు వేళ్లకి వాజలిన్ కానీ కొబ్బరినూనె కానీ రాయమనండి, అంట్లు తోమేప్పుడు గ్లవ్స్ వేసుకోమనండి. విమానంలో చర్మం ఇంకా ఎండిపోతుంది కాబట్టి దిగే ముందు చేతులు కడుక్కుని పలచగా క్రీమ్ రాసుకుని, క్యూలో ఉన్నప్పుడు తుడిచేసుకుంటే చాలు. జిడ్డుగా ఉంటే గ్లాసు మీద మసకే పడుతుంది.

ఇంకోటి, మీ అమ్మగారికి సంబంధం లేదు కానీ చదివేవాళ్లకి పనికొస్తుంది. కెపెసిటాబిన్ అని కీమో మాత్ర ఉంది. అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి తోలు ఊడుతుంది, వేలిగీతలు నిజంగానే చెరిగిపోతాయి. 2008 డిసెంబరులో సింగపూర్ నుంచి అమెరికా వెళ్లిన 62 ఏళ్ల పెద్దాయన్ని ఇందుకే నాలుగు గంటలు ఆపారు. మర్నాటి ఏడాది ఆయన డాక్టర్లు మెడికల్ జర్నల్‌లో రాశారు కూడా, ఈ మందు వాడేవాళ్లు డాక్టర్ లెటర్ పట్టుకెళ్లమని. మా దగ్గరికి వచ్చే పేషెంట్లకి నేను అదే చెప్తాను.

గోదారోడు
నిమ్మకాయ రుద్దితే గీతలు పైకి తేలతాయి. మా పిన్ని అలాగే చేసింది.

నైట్‌డ్యూటీ
వద్దు బాబూ. అరిగిన చర్మం మీద నిమ్మరసం పడితే మంట, పగుళ్లు. గీతలు తేలడం మాట దేవుడెరుగు.

జగిత్యాల_సడక్
మీరందరు వేలు గురించి మాట్లాడుతున్నరు, మా దిక్కు అందరికీ భయం కన్నుది.

మా మేనమామ 2000 ముందు గల్ఫ్‌ల ఖల్లివెల్లి అయిండు, అంటే కాయితాలు లేకుండ ఉన్నోడు. కంపెనీ జీతం ఇయ్యకపోతే బయటవడి, దొరికిన కాడ పనిచేసి, చివరికి పట్టువడి ఔట్‌పాస్ (పాస్‌పోర్టు లేనోళ్లు ఇంటికి పోనీకి ఇచ్చే కాయితం) మీద వచ్చిండు. అప్పట్ల మా ఊర్లకు ఇదేం పెద్ద సంగతి కాదు. ఆర్నెల్లు ఉండి, ఏజెంట్ కొత్త పాస్‌పోర్టు చేయిస్తడు, ఇంటిపేరు ఒక అక్షరం అటు ఇటు, మళ్ల విమానం ఎక్కుడే. ఆ తర్వాత దుబాయ్, అబుదాబీ ఉన్న ఎమిరేట్స్ దేశంల కన్ను స్కాన్ మొదలైంది, దేశం నుంచి పంపేసినోళ్ల కనుపాప పట్టుకొని పెట్టుడు. అప్పు చేసి వీసా కొనుక్కొని పోయినోడు ఎయిర్‌పోర్టు కాన్నే దొరికి తెల్లారి విమానంల తిరిగొచ్చుడు. మా మండలంల ఇట్ల తిరిగొచ్చినోళ్లు నాకు తెలిసినోళ్లే నలుగురు. పేరు మార్చొచ్చు, నాయిన పేరు మార్చొచ్చు, కన్ను ఎట్ల మారుస్తవ్? కంట్ల చుక్కలు వేసుకొని పోతే మిషన్ పట్టదని కూడా అన్నరు. అది కూడా వాళ్లకు తెల్వకుండ పోలే.

గందుకే 2024ల సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా ఎమిరేట్స్ ఆమ్నెస్టీ (క్షమాభిక్ష) పెట్టినప్పుడు మావోళ్లకు నేను గట్టిగ చెప్పిన. జుర్మానా లేకుండ, మళ్ల రావద్దన్న బ్యాన్ లేకుండ పోవచ్చు, వేలిముద్రలిచ్చి పేపర్ తీసుకొని సాఫ్‌గా రండ్రి అని. ముద్ర ఇస్తే జైల్ల పెడతరని భయపడి దాసుకున్నోళ్లు ఇప్పుడు బాధపడుతున్నరు. ముద్ర ఒకసారి పడితే మనకు పట్టుబడుడు మాత్రమే కాదు, సాఫ్‌గా పోయినం అని సాక్ష్యం కూడా అదే.

మిర్చియార్డు
అన్నా, చదువుతుంటే గుండె బరువెక్కింది. మా వైపు కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్ వెళ్లిన ఆడవాళ్లవీ ఇలాంటి కథలే.

నిశాని
నాకు మొత్తం ఈ పద్ధతే నచ్చదు, చెప్తే పాతకాలం మనిషి అంటారు. మా తాతని ఊళ్లో 'వేలిముద్రగాడు' అనేవాళ్లు, అంటే సంతకం రానివాడని. ఆయన మనవణ్ణి, పీహెచ్‌డీ చేశాను, ప్రతి ఎయిర్‌పోర్టులో వేలిముద్రే వేస్తున్నాను. పరాయి దేశపువాళ్ల ఫోటో, వేళ్లు అమెరికా 75 ఏళ్ల దాకా దాచుకుంటుంది. వాళ్ల పౌరుల ఫోటో అయితే 12 గంటల్లో తీసేస్తారు. 2004 జనవరిలో అమెరికా ఇది మొదలుపెడితే, బ్రెజిల్ మాత్రం 'సరే, మీ వాళ్లవీ ఇవ్వండి' అని అమెరికావాళ్ల వేళ్లు తీసుకోవడం మొదలుపెట్టింది. ఆ ఒక్క పని నాకు నచ్చింది.

శంషాబాద్_రిటర్న్
నిశాని గారూ, మనమూ తీసుకుంటున్నాం. మా అబ్బాయిది అమెరికన్ పాస్‌పోర్టు, ఓసీఐ (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్లకి ఇచ్చే కార్డు) ఇంకా చేయించలేదు, ఈ-వీసా మీద శంషాబాద్‌లో దిగాడు. వాడి వేళ్లు, ఫోటో కౌంటర్ దగ్గరే తీసుకున్నారు. నేను పక్క లైన్లో ఇండియన్ పాస్‌పోర్టుతో బయటికొచ్చి ఇరవై నిమిషాలు నిలబడ్డాను. వాడు వచ్చి 'నాన్నా, ఇది మీ ఊరేగా, నన్నెందుకు ఫారినర్ అన్నారు' అని ఒకటే గోల. పిల్లవాడికి ఏం చెప్తాం.

పనిలో పని: 2025 జనవరి నుంచి శంషాబాద్‌లో కూడా ఫాస్ట్ ట్రాక్ గేట్లు వచ్చాయి, ఇండియన్లకీ ఓసీఐ వాళ్లకీ. ముందే ఆన్‌లైన్‌లో అప్లై చేసి ఒకసారి వేళ్లు ఇవ్వాలి. దీన్నీ డిజియాత్రనీ కలపకండి. డిజియాత్ర దేశం లోపల తిరిగే విమానాలకి, ఇమిగ్రేషన్‌తో దానికి సంబంధం లేదు.

టోక్యో_పెసరట్టు
జపాన్‌లో 2007 నవంబర్ నుంచి రెండు చూపుడువేళ్లు, ఒక ఫోటో. 16 ఏళ్లు దాటితే చాలు. నేను పదేళ్లుగా ఇక్కడే ఉంటున్నా, ఇంటికెళ్లి వచ్చిన ప్రతిసారీ వేళ్లు పెట్టాల్సిందే. అలవాటైపోయింది. మా నాన్న వడ్రంగి, ఆయనకి ఎడమ చూపుడువేలు సగమే ఉంది. ఆఫీసర్ చూసి, తల కాస్త వంచి, ఇంకో వేలు పెట్టమని సైగ చేశాడు. అర నిమిషం పట్టింది. నాన్న మాత్రం ఆ తల వంచడం గురించి ఊరంతా చెప్పుకున్నాడు.

బెర్లిన్_బడి
యూరప్ వచ్చే అమ్మానాన్నల కోసం: 2025 అక్టోబర్ 12 నుంచి పాస్‌పోర్టు మీద స్టాంపు బదులు కంప్యూటర్‌లో ఎక్కించడం మొదలైంది. షెంగెన్ వీసా (చాలా యూరప్ దేశాలకి కలిపి ఇచ్చేది) ఉన్నవాళ్ల వేళ్లు వీసా అప్పుడే తీసుకుంటారు కాబట్టి బోర్డర్‌లో కొత్తగా ఎక్కించేది ఫోటోనే. 180 రోజుల్లో 90 రోజులే ఉండాలన్న లెక్క ఇప్పుడు మిషనే వేస్తుంది. స్టాంపు మసకగా ఉంది, రెండు రోజులు ఎక్కువుంటే ఏమవుతుందిలే అనుకునే రోజులు పోయాయి.

సింగిల్_నేమ్
మిర్చియార్డు గారూ, వేళ్ల కన్నా పేరు చూసుకోండి. మా నాన్న పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ, ఉన్నదంతా ఒకే పేరు. అలాంటప్పుడు అమెరికా వీసాలో ఎఫ్ఎన్‌యూ అని పడుతుంది, మొదటి పేరు తెలియదు అని. వేళ్లు మొదటిసారికే పడ్డాయి. అయినా ఇంకెవరిదో పేరు కలిసిందని సెకండరీ గదిలో, అంటే ఇంకోసారి విచారించే గదిలో, కూర్చోబెట్టారు. ఫోన్ వాడనివ్వలేదు. బయట నేను మూడు గంటలు. ఆయన లోపల షుగర్ టాబ్లెట్ ఎలా వేసుకోవాలో అడగలేక కూర్చున్నాడు, అది తలుచుకుంటే ఇప్పటికీ బాధే. తర్వాత హోంలాండ్ సెక్యూరిటీకి ఆన్‌లైన్‌లో అర్జీ పెడితే రెడ్రెస్ నంబర్ ఇచ్చారు, ఇంకొకరితో పొరబడకుండా. టికెట్ కొనేప్పుడు అది వేశాం, రెండోసారి ఏ ఇబ్బందీ లేదు.

అమ్మగారి మందులు, ప్రిస్క్రిప్షన్, మీ అడ్రస్, ఫోన్ నంబర్ రాసిన కాగితం హ్యాండ్ బ్యాగులో పైన పెట్టండి. చెక్ ఇన్ బ్యాగులో కాదు.

అరోరా_ఆవకాయ
ఇది బంగారం లాంటి మాట. కాగితం మీద తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాయండి: కొడుకు దగ్గరికి వచ్చాను, ఇన్ని నెలలు ఉంటాను, ఈ తేదీకి రిటర్న్ టికెట్ ఉంది. తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలంటే ఫోన్‌లో కలుపుతారు. 'మనవడికి స్నానం పోయడానికి వచ్చాను, ఇంట్లో వంట నేనే చేస్తా' లాంటివి చెప్పొద్దని మెల్లగా చెప్పండి. ప్రేమతో అన్నమాట అక్కడ పని చేయడానికి వచ్చినట్టు వినిపిస్తుంది.

వయసు సంగతి కూడా అడుగుతుంటారు. 14 లోపు, 79 పైన వాళ్లకి వేళ్లు అడగరు. ఫోటో మాత్రం 2025 డిసెంబర్ 26 నుంచి వయసుతో పని లేకుండా అందరికీ, వచ్చేప్పుడూ పోయేప్పుడూ. ఒకసారి వచ్చి వెళ్లినవాళ్లకి రెండోసారి చాలాచోట్ల ముఖం చూసే పంపేస్తున్నారు, వేళ్లు అడగట్లేదు.

వచ్చాక ఐ-94 (అమెరికాలోకి వచ్చిన రికార్డు) ఆన్‌లైన్‌లో చూసి, పేరు స్పెల్లింగ్, ఉండనిచ్చిన తేదీ సరిచూసుకోండి. పచ్చళ్లుంటే ఉన్నాయని చెప్పమనండి, దాచొద్దు.

మిర్చియార్డు (ఐదు వారాల తర్వాత)
అందరికీ అప్‌డేట్ బాకీ. అమ్మ వచ్చేసింది. టికెట్ మార్చి నాలుగు గంటల గ్యాప్ పెట్టాను. రెండు వారాలు కొబ్బరినూనె రాయించాను, రోజూ వీడియో కాల్‌లో వేళ్లు చూపించమని విసిగించాను.

అబుదాబీలో వీల్‌చైర్ అబ్బాయి పక్కనే ఉన్నాడట. కుడిచేయి నాలుగు వేళ్లు పెట్టింది, పడలేదు. మళ్లీ పెట్టింది, పడలేదు. ఆఫీసర్ ఏదో అన్నాడు, అర్థం కాలేదు. ఈవిడ తనంతట తనే చేయి వెనక్కి తీసి, కొప్పు మీద నాలుగు వేళ్లూ గట్టిగా రుద్ది మళ్లీ పెట్టింది. పడింది. ఆఫీసర్ నవ్వి బొటనవేలు చూపించాడట. అది 'బాగుంది' అన్నట్టో, 'ఇప్పుడు బొటనవేలు పెట్టు' అన్నట్టో తెలీక మళ్లీ తలకి రుద్ది అదీ పెట్టిందట. ఆరు నెలలు ఇచ్చారు.

కారెక్కగానే నేను 'భయమేసిందా అమ్మా' అంటే, 'భయమెందుకురా. పది వేళ్లూ పెట్టించుకున్నాడు, కిలో బియ్యం కూడా ఇవ్వలేదు' అంది.