బిళ్లలాంటి పిండంలో తల ఎటు రావాలో ఎలా తేలుతుంది?

ప్రశ్న (ఆమదాలవలస నుంచి ఒక తల్లి):
నమస్కారమండి. మా అబ్బాయి ఇంటర్ బైపీసీ చదువుతున్నాడు. రెండో వారం చివరికి మానవ పిండం రెండు పొరల గుండ్రని బిళ్లలా ఉంటుందని నాకు చదివి వినిపించి, అన్ని వైపులా ఒకేలా ఉన్న ఆ బిళ్లలో తల ఎటు రావాలో ఎవరు చెబుతారని అడిగాడు. నేను జవాబు చెప్పలేకపోయాను. తెలిసినవారు వివరించగలరు.

జవాబు (విజయనగరం, జంతుశాస్త్ర అధ్యాపకుడు):
మీ అబ్బాయి అడగవలసిన ప్రశ్నే అడిగాడమ్మా. ఫలదీకరణ తర్వాత సుమారు 15వ రోజున బిళ్ల అంచున ఒకచోట మొదలై మధ్యకు సాగే సన్నని గాడి కనిపిస్తుంది. దానిని ఆదిమ రేఖ అంటారు. అది మొదలైన అంచు తోక వైపు, ఎదుటి అంచు తల వైపు అవుతాయి. నిజానికి ఆ తేడా రేఖ కనిపించకముందే మొదలవుతుంది: తల వైపు అడుగు పొర కణాలు అక్కడ రేఖ పుట్టకుండా ఆపే ప్రొటీన్లను వదులుతాయని ఎలుక పిండాల్లో స్పష్టంగా తేలింది.

పై పొర కణాలు ఆ గాడి దగ్గరకు వచ్చి, పక్క కణాలతో ఉన్న పట్టు వదిలి, లోపలికి దిగుతాయి. ముందు దిగినవి అంతస్త్వచమై పేగులకు, ఊపిరితిత్తులకు లోపలి పొరనిస్తాయి. తర్వాత దిగినవి మధ్యత్వచమై కండ, ఎముక, గుండె, నెత్తురు అవుతాయి. పైన మిగిలిన బహిస్త్వచం నుంచి చర్మపు పైపొర, మెదడు, నరాలు వస్తాయి.

72 గంటలు పొదిగించిన కోడిగుడ్డును గోరువెచ్చని ఉప్పునీటిలో పగలగొట్టి మా విద్యార్థులకు చూపిస్తుంటాను. పచ్చసొన మీద నెత్తుటి గీతల నడుమ వంగి ఉన్న చిన్న పిండంలో గుండె కొట్టుకోవడం కంటికి కనిపిస్తుంది. అంతవరకు గోల చేస్తున్న పిల్లలు అక్కడ మాట ఆపేస్తారు. వీలైతే మీ అబ్బాయికి కూడా చూపించండి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు మాస్టారూ. మరి గుండె ఎడమకే ఎందుకు ఒరుగుతుంది?

జవాబు (అదే అధ్యాపకుడు):
ఆదిమ రేఖ కొనన ఉన్న గుంటలో శైలికలు (కణాల మీద ఉండే వెంట్రుకల్లాంటి సన్నని పోగులు) ఒకే దిశలో తిరుగుతూ ద్రవాన్ని ఎడమకు నెడతాయి. ఎడమ వైపు జన్యువులు మేలుకోవడానికి అదే సంకేతం. పుట్టుకతోనే శైలికలు సరిగా కదలని వారిలో దాదాపు సగం మందికి గుండె కుడివైపున ఉండడం దీనికి గట్టి సాక్ష్యం.

జవాబు (శ్రీకాకుళం, స్త్రీవైద్యురాలు):
ఒక మాట చేర్చనివ్వండి. మెదడు, వెన్నుపాము అయ్యే నాడీనాళం ఫలదీకరణ తర్వాత సుమారు 28వ రోజుకల్లా మూసుకుంటుంది. అది సరిగా మూసుకోకపోతే బిడ్డ వెన్నులో లోపం మిగిలిపోతుంది. అప్పటికి నెల తప్పిన సంగతి చాలామందికి అప్పుడప్పుడే తెలుస్తుంది. మూడో నెలలో మొదటిసారి మా దగ్గరకు వచ్చినవారికి, ఆ నాళం సరిగా మూసుకోవడానికి తోడ్పడే ఫోలిక్ ఆమ్లం (ఒక బి విటమిన్) ఇచ్చినా ఆ మూసుకునే గడువు దాటిపోయి ఉంటుంది. అందుకే బిడ్డ కావాలనుకునే కొత్త దంపతులు వస్తే, గర్భం రాకముందు నుంచే రోజుకు 400 మైక్రోగ్రాములు మొదలుపెట్టమని రాసిస్తున్నాను.