కావలియర్ కుక్కకి ఎకో (గుండె అల్ట్రాసౌండ్ స్కాన్) కొలతలు ఇద్దరు డాక్టర్ల దగ్గర వేరుగా వచ్చాయి, ఏది నమ్మాలి?

అందరికీ నమస్కారం. మాది కావలియర్ కింగ్ చార్లెస్ స్పానియల్, ఆడది, 7 ఏళ్లు, 9 కిలోలు. ఈ జాతికి మైట్రల్ వాల్వ్ (గుండె ఎడమవైపు రెండు గదుల మధ్య కవాటం) జబ్బు ఎంత మామూలో పెంచేవాళ్లకి చెప్పక్కర్లేదు. గుండెలో 3/6 తీవ్రత మర్మర్ (అసాధారణ శబ్దం) వినిపించిందని ఎకో తీయించాం. వాల్వ్ రేకులు మందమయ్యాయి, రక్తం వెనక్కి కారుతోంది. ఇంతవరకు ఇద్దరు డాక్టర్లదీ ఒకటే మాట.

తేడా అంతా ఎడమ కర్ణిక (పై గది) సైజు దగ్గరే. అయోర్టాతో (గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమని) పోల్చిన నిష్పత్తి ఒకరికి 1.5 వచ్చింది, రెండోవారికి 1.7. 2019 ఏసీవీఐఎం (అమెరికా పశువైద్య నిపుణుల సంస్థ) మార్గదర్శకాల్లో బీ2 దశకి, అంటే లక్షణాలు లేకపోయినా గుండె పెద్దదైన దశకి, హద్దు 1.6. ఎడమ జఠరిక (కింది గది) కొలత మాత్రం, బరువుతో సరిచేశాక, ఇద్దరికీ 1.62 దగ్గరే ఉంది. దానికి హద్దు 1.7. అందుకే బీ2 దశలో ఇచ్చే గుండె మందు పిమోబెండాన్ మొదలుపెట్టాలా వద్దా అన్నది తేలక టెన్షన్‌గా ఉంది.

కర్ణికని ఎకో వీడియోలో అయోర్టిక్ వాల్వ్ మూసుకున్న వెంటనే వచ్చే ఫ్రేమ్‌లోనే కొలవాలని చదివాను. ఫ్రేమ్ కాస్త అటూ ఇటూ అయినా, కొలిచే గీత పల్మనరీ సిరలోకి (ఊపిరితిత్తుల నుంచి కర్ణికలోకి వచ్చే రక్తనాళం) జరిగినా ఇంత తేడా వస్తుందా? ఎన్ని గుండె చప్పుళ్ల సగటు తీశారో రెండు రిపోర్టుల్లోనూ లేదు. అడిగితే బాగుంటుందా, లేక డాక్టరుకి కోపమొస్తుందా?

ఎక్స్‌రేలో గుండె సైజు ఈ జాతికి మామూలుగానే కాస్త ఎక్కువంటారు కదా, దాంతో నిర్ణయించడం నాకు నచ్చట్లేదు. ఇలా హద్దు మీద ఉన్న కుక్కకి మీరు మందు వెంటనే మొదలుపెట్టారా, లేక ఆగి, అదే డాక్టరుతో అదే మెషీన్‌పై మళ్లీ ఎకో తీయించారా? ఆగితే ఎన్నాళ్లు?