సున్నతి చేయించని యూదు తల్లిదండ్రులు సంప్రదాయాన్ని వదిలినట్లా?

తుంగభద్ర (చర్చ ప్రారంభం)

మగశిశువుకు ఎనిమిదో రోజున సున్నతి చేయించడం యూదు మతంలోని అతి ప్రాచీన విధుల్లో ఒకటి. అయినా ఇటీవలి దశాబ్దాల్లో అమెరికాలోనూ ఇజ్రాయెల్‌లోనూ కొందరు యూదు తల్లిదండ్రులు ఆ కోత లేకుండానే ప్రార్థనలు చదివి, హీబ్రూ పేరు పెట్టి, బిడ్డను తమ సమాజంలోకి ఆహ్వానిస్తున్నారు. ఈ వేడుకను ‘బ్రిత్ షాలోం’ అంటున్నారు. వీరు సంప్రదాయాన్ని వదిలినట్లా, లేక అందులోనే నిలబడి దానితో వాదిస్తున్నట్లా అన్నది నా ప్రశ్న. వారు లోపలే ఉన్నారని నేను నమ్ముతున్నాను, అందుకు ఆధారాలు యూదు గ్రంథాల్లోనే ఉన్నాయి.

మొదటిది, యూదు ధర్మశాస్త్రం ప్రకారం యూదు తల్లికి పుట్టిన బిడ్డ సున్నతితో నిమిత్తం లేకుండా యూదుడే. రెండవది, యూదు మతగురువులైన రబ్బీల చర్చల ప్రాచీన సంకలనం తాల్ముద్‌లోని యెవామోత్ భాగంలో ఒక నియమం ఉంది. సున్నతి వల్ల ఇద్దరు కొడుకులు చనిపోయిన తల్లికి మూడవ కొడుకు పుడితే, వాడికి సున్నతి చేయరాదు. రక్తం గడ్డకట్టని వ్యాధికి వైద్యశాస్త్రం పేరు పెట్టడానికి ఎన్నో శతాబ్దాల ముందే రబ్బీలు ఆ కుటుంబాలను గమనించి, బిడ్డ ప్రాణాన్ని ఆజ్ఞకంటే ముందు నిలిపారు. మూడవది, ఐగుప్తు నుంచి బయలుదేరాక అరణ్యంలో పుట్టిన తరానికి నలభై ఏళ్ల పాటు సున్నతి జరగలేదనీ, యొర్దాను దాటిన తరువాత గిల్గాలులో యెహోషువ ఆ పని చేయించాడనీ యెహోషువ గ్రంథం అయిదవ అధ్యాయం చెబుతోంది. సీనాయి కొండ దగ్గర ధర్మశాస్త్రం అందుకున్న ప్రజల పిల్లలే అలా పెరిగారు, వారిని ఇశ్రాయేలీయులు కారని ఎవరూ అనలేదు.

పన్నెండవ శతాబ్దపు మహాపండితుడు మైమోనిడీస్ ఈ విషయంలో చూపిన నిజాయితీ నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది. సున్నతి ఆరోగ్యానికి మంచిదని ఆయన చెప్పలేదు. అది కామోద్రేకాన్ని తగ్గించి, ఆ అవయవాన్ని కొంత బలహీనపరుస్తుందనీ, ఉద్దేశం కూడా అదేననీ సూటిగా రాశాడు. ఒకే విశ్వాసం గలవారికి శరీరం మీద ఒక ఉమ్మడి గుర్తుగా నిలవడం రెండవ ప్రయోజనమన్నాడు. ఆ మొదటి కారణాన్ని ఈనాటి తల్లిదండ్రులు చదివి, ‘మా బిడ్డకు ఇది మేము కోరుకోవడం లేదు’ అనుకుంటే, వారు మైమోనిడీస్‌ను చదివి అతనికి జవాబు చెబుతున్నారే తప్ప అతన్ని మరచిపోలేదు.

పినాకిని

తుంగభద్ర గారూ, మీ ఉదాహరణలన్నీ నిజమే కాని, వాటి నుంచి మీరు తీసిన ముగింపు నిలవదు. ప్రాణాపాయం ఉన్నచోట ఆజ్ఞ వాయిదా పడుతుందన్నది యూదు ధర్మంలో సాధారణ సూత్రం. జ్వరమున్నా, కామెర్లున్నా బిడ్డ కోలుకునేదాకా ఆగుతారు. ఆలస్యంగానైనా సున్నతి చేయవచ్చు కాని పోయిన ప్రాణాన్ని తిరిగి తేలేమని మైమోనిడీసే రాశాడు. అపాయం లేనప్పుడు మాత్రం ఆ విధి ఎంత గట్టిదంటే, ఎనిమిదో రోజు విశ్రాంతి దినమైన శనివారం నాడు పడినా సున్నతి ఆగదు. మినహాయింపును చూపి నియమమే లేదనడం న్యాయం కాదు. అరణ్యంలోని తరం మాటకు వస్తే, ప్రయాణపు ప్రమాదం వల్లనే అలా జరిగిందని రబ్బీలు వివరించారు. వాగ్దత్త భూమిలో అడుగు పెట్టగానే యెహోషువ చేయించిన మొదటి పనుల్లో అది ఒకటి.

ఈ గుర్తు కోసం యూదులు చెల్లించిన మూల్యాన్ని మీరు తలచనే లేదు. క్రీ.పూ. 167 ప్రాంతంలో యూదయను ఏలుతున్న గ్రీకు రాజు నాలుగవ ఆంటియోకస్ సున్నతిని నిషేధించినప్పుడు, బిడ్డలకు సున్నతి చేయించిన తల్లులను చంపి, ఆ పసివాళ్లను వారి మెడలకు వేలాడదీశారని మక్కబీయుల మొదటి గ్రంథం చెబుతోంది. రోమన్ చక్రవర్తి హేడ్రియన్ కాలంలో మళ్లీ నిషేధం వచ్చింది. అతని తరువాత వచ్చిన ఆంటొనినస్ పయస్ యూదులకు తమ కొడుకుల వరకు అనుమతి ఇచ్చాడు. మన కొంకణ తీరంలోని బెనె ఇజ్రాయెల్ సమాజాన్నే చూడండి. నూనె గానుగలు ఆడిస్తూ, శనివారం పని మానేస్తారు కాబట్టి ‘శనివార్ తేలీ’లని పిలిపించుకుంటూ, మిగిలిన యూదు ప్రపంచంతో సంబంధం తెగిపోయిన కాలంలో కూడా వారు నిలుపుకున్న కొద్ది ఆచారాల్లో సున్నతి ఒకటి. గ్రంథాలు చేతిలో లేని చోట శరీరమే గ్రంథమైంది. దానిని ఒక తరం తల్లిదండ్రులు తమ అభిరుచిని బట్టి పక్కన పెట్టవచ్చునని నేను ఒప్పుకోలేను.

కృష్ణవేణి (శిశువైద్యురాలు)

నేను ధర్మశాస్త్రం జోలికి వెళ్లను. ఇరువైపుల వారూ వైద్యాన్ని తమకు అనుకూలంగా వాడుకుంటారు కాబట్టి, తెలిసినంత వరకు ఉన్నదున్నట్లు చెబుతాను.

దక్షిణాఫ్రికా, కెన్యా, ఉగాండాల్లో జరిగిన మూడు పెద్ద పరీక్షల ఆధారంగా, సున్నతి వల్ల స్త్రీల నుంచి పురుషులకు హెచ్‌ఐవీ సోకే అవకాశం సుమారు 60 శాతం తగ్గుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో గుర్తించి, ఆ వ్యాధి ఎక్కువగా ఉన్న ప్రాంతాలకు దానిని సిఫారసు చేసింది. అయితే ఆ పరీక్షలు జరిగింది సమ్మతి తెలిపిన వయోజనుల మీద. అమెరికన్ శిశువైద్యుల అకాడమీ 2012లో ప్రయోజనాలు ప్రమాదాలకంటే ఎక్కువేనంటూనే, శిశువులందరికీ చేయించాలని సిఫారసు చేసేంత కాదని, నిర్ణయాన్ని తల్లిదండ్రులకే వదిలింది. డచ్ వైద్యుల సంఘం 2010లో వైద్య కారణం లేని సున్నతిని నిరుత్సాహపరచాలని ప్రకటించింది. అవే పరిశోధనలు చదివిన రెండు గౌరవనీయ సంస్థలు ఇలా వేర్వేరు చోట్లకు చేరాయంటే, వైద్యం ఒక్కటే ఈ ప్రశ్నను తేల్చదని అర్థం.

ఎనిమిదో రోజున బిడ్డ రక్తం గడ్డకట్టే శక్తి శిఖరానికి చేరుతుందనీ, యూదుల ధర్మశాస్త్ర గ్రంథమైన తోరాకు అది ముందే తెలుసుననీ తెలుగు ప్రసంగాల్లోనూ వాట్సాప్ సందేశాల్లోనూ తరచుగా వినిపిస్తుంది. పుట్టిన తొలి రోజుల్లో విటమిన్ కె తక్కువగా ఉండి రక్తస్రావపు ప్రమాదం ఉండడం నిజం. అందుకే ఈ రోజుల్లో పుట్టగానే బిడ్డ తొడకు ఆ ఇంజెక్షన్ ఇస్తాము. ఆ తరువాత ఎనిమిదో రోజుకు ప్రత్యేకమైన శిఖరమేదీ ఉండదు. విశ్వాసానికి ఇటువంటి ఊతకర్రలు అవసరం లేదని నా మనవి.

నొప్పి గురించి మాత్రం నేను గట్టిగా చెప్పాలి. వేడుకలో శాందేక్ అనే పెద్దమనిషి ఒళ్లో దిండు మీద బిడ్డను పడుకోబెట్టుకుంటాడు, సున్నతి చేసే మోహెల్ ముందోలును కోసి, లోపలి పలుచని పొరను చీల్చి వెనక్కు మడుస్తాడు, ద్రాక్షారసంలో తడిపిన గుడ్డను బిడ్డ నోటికి అందిస్తారు. ద్రాక్షారసపు చుక్క మత్తుమందు కాదు. పసిబిడ్డలకు నొప్పి తెలియదనే నమ్మకంతో 1980ల దాకా పెద్ద శస్త్రచికిత్సలు కూడా తగిన మత్తు లేకుండా జరిగేవి; ఆ నమ్మకం తప్పని తేలిపోయింది. స్థానికంగా మత్తు ఇవ్వడాన్ని చాలామంది రబ్బీలు అంగీకరిస్తున్నారు కూడా. కొన్ని అతి సనాతన వర్గాల్లో గాయాన్ని నోటితో పీల్చే ఆచారం ఉంది. దాని వల్ల శిశువులకు హెర్పిస్ సోకిన కేసులు బయటపడడంతో, న్యూయార్క్ నగర ఆరోగ్య శాఖ 2012లో తల్లిదండ్రుల రాతపూర్వక సమ్మతిని తప్పనిసరి చేసి, 2015లో ఆ నిబంధనను ఉపసంహరించుకుంది. ఆ ఆచారానికి బదులు స్పాంజి వాడవచ్చునని హతం సోఫర్ అంతటి కఠిన సనాతనవాది 1837లోనే అనుమతించాడు. కోత ఉండాలా వద్దా అని వాదించే ముందు, జరుగుతున్న కోతను నొప్పి లేకుండా, శుభ్రంగా జరిపించడం మీద అందరూ ఏకం కావచ్చు కదా.

నాగార్జున కొండ

తెలుగు క్రైస్తవ కుటుంబం నుంచి వచ్చినవాడిగా ఒక్క మాట. మనలో చాలామందికి సున్నతి అంటే పౌలు పత్రికల ద్వారానే తెలుసు: శరీర సున్నతి పాతది, హృదయ సున్నతి కొత్తది అని సండే స్కూలులో విన్నాము. కాని హృదయానికి సున్నతి చేసుకోండని చెప్పినవి ద్వితీయోపదేశకాండము పదవ అధ్యాయం, యిర్మీయా నాలుగవ అధ్యాయం. ఆ రెండూ శరీర సున్నతిని రద్దు చేయకుండానే ఆ మాట అన్నాయి. కాబట్టి ప్రశ్నిస్తున్న యూదులందరూ పౌలు దారిలోకి వస్తున్నారని సంబరపడడం వారి మాటను వారి నోటి నుంచి లాక్కోవడమే అవుతుంది.

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో తమను బెనె ఎఫ్రాయిం యూదులుగా చెప్పుకొనే తెలుగు కుటుంబాలు ఉన్నాయి. లోకం తమను యూదులుగా గుర్తించాలని కోరుకునే అటువంటి చిన్న సమాజానికి ఆచారంలో సడలింపు అడిగే స్వేచ్ఛ బోస్టన్‌లోని కుటుంబానికి ఉన్నంతగా ఉండదు. ఎవరు ప్రశ్నించగలరన్నది కూడా వారి స్థానాన్ని బట్టే ఉంటుంది.

తుంగభద్ర

పినాకిని గారూ, హింస చరిత్రను నేను తక్కువ చేయను. అందుకే చట్టపు నిషేధాలకు నేను వ్యతిరేకిని. ఒక ముస్లిం బాలుడి సున్నతి కేసులో జర్మనీలోని కొలోన్ న్యాయస్థానం 2012లో దానిని శరీర గాయంగా పరిగణించినప్పుడు, ఆ దేశంలో యూదుల మనసులో ఏమి మెదిలి ఉంటుందో ఊహించగలం. అదే ఏడాది డిసెంబరులో జర్మన్ పార్లమెంటు బుండెస్టాగ్ చట్టం చేసి తల్లిదండ్రుల హక్కును నిలబెట్టింది. ఐస్‌లాండ్‌లో 2018లో ఆరేళ్ల వరకు జైలు శిక్ష ప్రతిపాదించిన బిల్లు ముందుకు సాగలేదు, అది మంచిదే. పోలీసు ఎదుట తనను తాను కాపాడుకోవలసిన సమాజం లోపలి ప్రశ్నలను వినలేదు.

అయితే లోపలి ప్రశ్న మీరనుకున్నంత కొత్తది కాదు, ఒక తరం అభిరుచి అంతకన్నా కాదు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో 1843లో నగర ఆరోగ్యాధికారులు సున్నతి పర్యవేక్షణకు నిబంధనలు తెచ్చినప్పుడు, అది చేయించకున్నా యూదులుగానే ఉంటామని కొందరు సంస్కరణవాద గృహస్థులు ముందుకు వచ్చారు. నగర రబ్బీ సాలమన్ ట్రియర్ ఐరోపా రబ్బీల అభిప్రాయాలు సేకరించి 1844లో వారికి వ్యతిరేకంగా అచ్చు వేయించాడు. అదే ఏడాది శామ్యూల్ హోల్డ్‌హైమ్ అనే రబ్బీ, సున్నతి లేనివాడు కూడా యూదుడేనని పుస్తకమే రాశాడు. సున్నతిని సమర్థించిన మహా విద్వాంసుడు లియోపోల్డ్ జుంజ్‌కు సంస్కరణవాద రబ్బీ అబ్రహాం గైగర్ 1845లో రాసిన లేఖలో, అది తనకు ఒక అనాగరికమైన రక్తసిక్త చర్యగా తోస్తున్నదని ఒప్పుకున్నాడు. బహిరంగంగా మాత్రం ఆ మాట అనలేదు. యూదు రాజ్య భావనకు ప్రాణం పోసిన థియోడర్ హెర్జల్ 1891లో పుట్టిన తన కొడుకు హాన్స్‌కు సున్నతి చేయించలేదు. గైగర్ నాడు లేఖలో దాచుకున్న మాటను ఈనాటి తల్లిదండ్రులు బయటకు అంటున్నారు. అంతే తేడా.

ఇజ్రాయెల్‌లో 2013లో విడాకుల వివాదంలో ఉన్న ఒక తల్లి కొడుకుకు సున్నతి చేయించనన్నందుకు రబ్బీల న్యాయస్థానం రోజుకు 500 షెకెల్‌ల జరిమానా వేసింది. ఆ న్యాయస్థానానికి అటువంటి అధికారం లేదని హైకోర్టు 2014లో కొట్టివేసింది. నిషేధించే రాజ్యాన్ని ఎదిరించే మనం, బలవంతపెట్టే పీఠాన్ని కూడా ఎదిరించాలి.

పినాకిని

బలవంతం విషయంలో మీతో ఏకీభవిస్తాను. హెర్జల్ ఉదాహరణను మాత్రం సగంలో ఆపకండి. తండ్రి చనిపోయిన తరువాత, కౌమార వయసులో ఉన్న హాన్స్‌కు సున్నతి చేయించారు. ఎనిమిది రోజుల బిడ్డకు కొద్ది నిమిషాల్లో ముగిసేది పెద్దవాడికి వారాల పాటు మానని గాయమవుతుంది. సోవియట్ దేశం నుంచి ఇజ్రాయెల్ చేరిన వేలమంది యూదులు పెద్దవయసులో ఆ బాధ పడ్డారు. తండ్రి తీసుకోని నిర్ణయపు భారం కొడుకు మీద పడుతుంది.

తుంగభద్ర

భారం పడుతుందన్నది నిజమే, ధర్మశాస్త్రం కూడా దానిని ముందే ఊహించింది. తాల్ముద్ కిద్దూషీన్ భాగం ప్రకారం కొడుకుకు సున్నతి చేయించే బాధ్యత తండ్రిది; తండ్రి చేయించకపోతే న్యాయస్థానానిది; వారూ చేయించకపోతే, పెద్దవాడయ్యాక ఆ బాధ్యత అతనిదే. చేయించని తల్లిదండ్రులు ఆజ్ఞను చెరిపివేయడం లేదు, అది చివరికి ఎవరికి చెందుతుందో వారి చేతికే అందిస్తున్నారు. సోవియట్ యూదులు పడ్డ బాధను నేను కాదనను, కాని వారిలో చాలామంది ఆ బల్ల మీదకు తమంతట తాము వెళ్లి పడుకున్నారు. యూదుల మూలపురుషుడు అబ్రాహాము కూడా తొంభై తొమ్మిదేళ్ల వయసులో సున్నతి పొంది, తనకేమి జరుగుతున్నదో ఎరిగి దేవునితో ఆ ఒడంబడికలోకి అడుగు పెట్టినవాడే.